పదకొండుంపావు

మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చేశాను.
ఏడు రోడ్ల జంక్షన్లో, అద్దాల షాపులో,
ఏసీ గాలికి దాని కొస ఊగుతోంది.
పక్కన మా చెల్లెలి కూతురు హేమసుందరి.
పాలిటెక్నిక్ సీటొచ్చిందని
"అడుగు పొడుగు రొట్టె తినాలి పెద్దమ్మా" అంది.
అడుగు. నాకు తెలిసిన మాటే.

గోడమీద బొమ్మలో రొట్టె నోరు తెరుచుకుని
ఆకులు, టమాటాలు, పనీరు కక్కుతోంది.
బొమ్మ కింద నూట డెబ్భై తొమ్మిది.
బిల్లులో రెండొందల ఎనిమిది.
"బొమ్మది పాత రేటండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

పోయిన నెల లైనింగు గుడ్డకి విజయనగరం వెళ్తే
కాంప్లెక్సు దగ్గర ఇదే పేరు, ఇదే పచ్చబోర్డు,
ఇదే రొట్టె: నూట యాభై తొమ్మిది.
రణస్థలం దాటేసరికి
దీనికి నలభై తొమ్మిది రూపాయలు ఎక్కడ అంటుకున్నాయి?
ఇది కూడా నాలాగే
టిక్కెట్టు కొనుక్కుని బస్సులో నిలబడి వచ్చిందా?

అక్కడ ఒక పొడుగు గుంటడు
"ఇంకా?" "ఇంకా?" అని అడిగి మరీ
గుప్పెళ్లతో ఉల్లిపాయలు చల్లాడు.
ఇక్కడ ఇతను, చొక్కా మీద టి. నాయుడు,
తవిటినాయుడో తిరుపతినాయుడో,
పనీరు లెక్కపెట్టి పెట్టాడు. ఆరు.
మా ముందు బైకు కుర్రాడికి తొమ్మిది పడ్డాయి, చూశాను.
నల్లని ఆ కాయల చక్రాలు మూడు.
నాలుగోది గరిటె లోంచి జారితే
వేలితో వెనక్కి తీశాడు.

ఆ వెనక్కి తీయడం దగ్గరే ఆగిపోయాను.
మా వీధికి చేపలు తెచ్చే కళింగపట్నం నీలమ్మ
తూకం అయ్యాక రెండు కవ్వళ్లు
కొసరని పడేసి పోతుంది.
ఆమె రాయి తక్కువని వీధంతటికీ తెలుసు.
ఆ రెండు చేపల మొహం చూసి ఎవరూ అడగరు.

బల్లమీద కాగితం విప్పింది పిల్ల.
నా చెయ్యి దానంతటదే మెడ మీదకి పోయింది.
రొట్టె పక్కన టేపు పరిచాను.
పదకొండుంపావు.
ముప్పై ఏళ్లుగా కొలిచిన కళ్లు, తప్పు చదవవు.
"పెద్దమ్మా, పరువు తీకు!"
గాజు తలుపు వెనకనుంచి మేనేజరు తల పైకెత్తాడు.
నాయుడే గబగబా వచ్చి, గొంతు తగ్గించి,
"కాలిస్తే ముడుచుకుంటాదండి" అన్నాడు.

ముడుచుకుంటాది.
ఆ మాట నాది.
ఎనభై సెంటీమీటర్లు చాలే జాకెట్టుకి
"మీటరు తేవమ్మా, తడిస్తే ముడుచుకుంటాది" అని
ఎంతమందికి చెప్పలేదు!
మిగిల్చిన ముక్కలతోనే
ఈ హేమకి అయిదో ఏట అతుకుల గౌను కుట్టాను.
లెక్కల టీచరుగారి నీలం,
బ్యాంకు ఆవిడ చిలకపచ్చ,
ఆమదాలవలస పెళ్లికూతురి ఎరుపు.
ఆ గౌనులో దీనికి స్టూడియో ఫొటో కూడా ఉంది.

టేపు చుట్టి సంచిలో పడేశాను.

పక్క బల్ల తుడుస్తూ తుడుస్తూ
మా వైపు వచ్చి ఆగాడు నాయుడు.
షాపు మాట వదిలేసి ఇంటి మాటలోకి దిగాడు.
"రాత్రికి తూస్తారమ్మా.
గరిటెడు ఎక్కువైతే నా జీతంలో పోద్ది.
ఇందాకటి బైకోడేటి, సూపర్‌వైజరు బామ్మర్ది."
గుడ్డ పిండాడు. టేపు ఉన్న సంచి వైపు చూశాడు.
"ఈ చొక్కా వదులు.
పక్కలు పట్టీడానికి ఎంత తీసుకుంతారు?"

పాలకొండ రోడ్డులో మెట్ల కింద నా కొట్టు,
రేకు మీద పక్కలు పట్టడానికి నలభై అని ఉంటుంది.
"అరవై" అన్నాను.
"బోర్డు మీద..."
"బోర్డు పాతది నాయినా."
వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు,
కాసేపయ్యాక వచ్చింది.

హేమ మూడు నల్ల చక్రాల్లో
ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.
ఉప్పగా ఉంది.
దీనికేనా ఇంత లెక్క.